డిసెంబరు మొదటి వారానికే చర్చి నిండా క్రిస్మస్ పెట్టేయొచ్చా?

విచారణ_వాలంటీర్

అందరికీ వందనాలు. ఈసారి మా విచారణలో (పారిష్‌లో) ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల సిద్ధపాటు కాలం) పనులు చూసుకోమని ఫాదర్ గారు మా నలుగురికి అప్పగించారు. మొదటి మీటింగ్‌లోనే పేచీ వచ్చింది. డిసెంబరు మొదటి వారానికే స్టార్లు, లైట్లు, చెట్టు, పశువుల పాక అన్నీ పెట్టేసి ప్రతి ఆదివారం పూజలో క్రిస్మస్ పాటలే పాడదామని యువత అంటోంది, 24 సాయంత్రం దాకా ఒక్క లైటు వెలిగినా ఒప్పుకోమని పెద్దవాళ్లు కూర్చున్నారు. ఇందులో శ్రీసభ (కతోలిక సంఘం) నియమం ఎంత, మన అలవాటు ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏటా పని చేసేది ఆ కొద్దిమందే, పండుగ పూజ సమయానికి వాళ్లు నిలబడే ఓపిక లేక వెనక బెంచీల్లో కునికిపాట్లు పడుతుంటారు. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) 24 సాయంత్రం బారెడు క్యూ, లోపల ఫాదర్ గారికి గుక్క తిప్పుకునే తీరిక ఉండదు. ఇది మార్చే దారి ఏమైనా ఉందా?

పీఠం_పనులు

చెల్లీ, నియమం నువ్వు అనుకున్నంత కఠినంగా ఏమీ లేదు, అలాగని మీ యువత అనుకున్నంత వదులుగానూ లేదు. దివ్యపూజ గ్రంథం ముందుండే సాధారణ నియమాల్లో 305వ పేరా చూడు. ఆగమన కాలంలో పీఠాన్ని (గురువు పూజ చేసే బల్లను) పూలతో అలంకరించవచ్చు, కాకపోతే మితంగా, క్రీస్తు జనన సంతోషాన్ని ముందే పూర్తిగా ఒలకబోయకుండా చేయాలి అని ఉంటుంది. వాయిద్యాల గురించి 313లోనూ దాదాపు ఇదే మాట. అంటే పెద్దవాళ్లు చెప్పే 'ఒక్క లైటూ వద్దు' అనేది నియమం కాదు, 'ఇప్పుడే అన్నీ' అనేది మాత్రం నియమానికి ఎదురు వెళ్లినట్టే.

నేనైతే ఈ గొడవను తేదీతో తేలుస్తాను. ఆగమన కాలం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. పునీత అంద్రెయ పండుగ నవంబరు 30 కదా, దానికి దగ్గర్లో పడే ఆదివారంతో మొదలవుతుంది. డిసెంబరు 16 వరకు పఠనాలు, ప్రార్థనలు ఎక్కువగా ప్రభువు మళ్లీ రావడం గురించి, మెలకువగా ఉండమని చెబుతాయి. 17 నుంచి 24 వరకు సూటిగా ఆయన జననం వైపు తిరుగుతాయి, సంధ్యా ప్రార్థనలో 'ఓ' అని మొదలయ్యే ఆ ఏడు పాత సంబోధనలు వచ్చేది కూడా 17 నుంచి 23 మధ్యే. కాబట్టి మొదటి ఆదివారం నాలుగు కొవ్వొత్తుల వలయం (ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగించేది), ఊదా రంగు బట్ట, అంతే. రెండో వారం తర్వాత పాక కట్టడం మొదలుపెట్టండి, బాల యేసు బొమ్మ పెట్టే తొట్టి ఖాళీగా ఉంచండి. చెట్టు, స్టార్లు 17 తర్వాత పెట్టుకుని, లైట్ల స్విచ్ మాత్రం 24 రాత్రి పూజకే వేయండి. యువతకు మూడు వారాలూ చేతినిండా పని ఉంటుంది, పెద్దవాళ్లకు నచ్చే క్రమమూ ఉంటుంది.

వలయం దైవార్చనలో తప్పనిసరి వస్తువేం కాదు. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే లూథరన్ వేదాంతి పిల్లల కోసం మొదలుపెట్టింది, కతోలికులకు తర్వాత వచ్చింది. కొన్నిచోట్ల వలయం వెలిగించడమే ఒక పెద్ద తంతుగా సాగదీసి పూజ ఆలస్యం చేస్తారు, అది నాకు నచ్చదు. మొదటి ఆదివారం ఆశీర్వదిస్తే మిగతా ఆదివారాలు ఊరికే వెలిగిస్తే చాలు.

ఆల్టో_గొంతు

గాయక బృందం తరఫున ఒక మాట. పాటల సంగతి ముందే తేల్చుకోండి, లేకపోతే పూజ మధ్యలో తేల్చుకోవాల్సి వస్తుంది. ఆగమన కాలపు ఆదివారాల్లో మహిమ గీతం (గ్లోరియా) ఉండదు, అల్లెలూయ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు తపస్సు కాలంతో (ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస కాలంతో) కలిపేసి రెండూ ఆపేస్తారు. డిసెంబరు 8 నిష్కళంక మాత పండుగకి మాత్రం మహిమ గీతం పాడాలి, ఆ తేదీ ఆదివారం పడితే పండుగ సోమవారానికి జరుగుతుంది, 2024లో అలాగే 9న చేసుకున్నాం.

క్రిస్మస్ పాటలు పూజలో వద్దు అంటే యువత ముఖాలు మాడతాయి, నిజమే. కానీ వాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది: క్రిస్మస్ కాలం 25తో అయిపోదు, జనవరిలో వచ్చే ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా నడుస్తుంది. మనం నెలంతా పాడి పాడి 26కి గొంతులు పోగొట్టుకుని, అసలు పాడాల్సిన వారాల్లో మూగనోము పడతాం. మీ పాటల కార్యక్రమం 27, 28 తేదీల్లో పెట్టి చూడండి, అప్పటికి ఎవరికీ హడావిడి ఉండదు, జనం కూర్చుని వింటారు.

వెనక_బెంచీ

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. 305, 313 అన్నీ నిజమే. కానీ ఏడాదంతా గుడి వైపు చూడని కుర్రాళ్లు ఆ స్టార్లు కట్టడానికే వస్తారు, నిచ్చెన పట్టుకుని రెండు గంటలు ఉంటారు, అప్పుడే ఎవరో ఒకరు పలకరిస్తారు, తర్వాతి ఆదివారం పూజకీ వస్తారు. వాళ్లని పేరా నంబర్లతో వెనక్కి పంపేస్తే మీ ఊదా రంగు బట్టను చూసేదెవరు? పీఠం దగ్గర అన్న చెప్పినట్టే ఉండనివ్వండి, బయట ఆవరణలోనూ యువత గదిలోనూ కాస్త పట్టు సడలించండి.

పీఠం_పనులు

ఆవరణ సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ. నేను చెప్పిన నియమం పీఠం అలంకరణకే, గేటు దగ్గర స్టారుకి కాదు.

గడప_గడపకీ

పేచీ అంతా అలంకరణ మీదే నడుస్తోంది కాబట్టి రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్తాను, నా దృష్టిలో అదే పెద్దది.

పాపసంకీర్తనం: 24న పెట్టకండి. రెండో ఆదివారం, మూడో ఆదివారం మధ్య ఒక సాయంత్రం సామూహిక పశ్చాత్తాప ప్రార్థన పెట్టమని ఫాదర్ గారిని అడగండి. పఠనం, ఆత్మపరిశీలన అందరూ కలిసి చేస్తారు, తర్వాత ఒక్కొక్కరూ విడిగా గురువు దగ్గరికి వెళ్లి పాపాలు చెప్పి క్షమాపణ పొందుతారు. ఒక్క ఫాదర్ గారితో అయ్యే పని కాదు, చుట్టుపక్కల విచారణల గురువులను పిలవాలి, వాళ్లందరికీ ఇదే సీజన్ కాబట్టి తేదీ నవంబరులోనే ఖాయం చేసుకోవాలి. ఆ రెండు ఆదివారాలూ సువిశేషంలో వినిపించేది స్నాపక యోహానే, మారుమనస్సు గురించి ప్రసంగం విన్న వారంలోనే అవకాశం ఉంటే జనం కదులుతారు.

పనివాళ్లు అలిసిపోవడం గురించి: అలంకరణ టీమునే శుభ్రతకీ వంటకీ పార్కింగుకీ వాడితే అలిసిపోక ఏం చేస్తారు. పండుగ రోజు పనికి వేరే జాబితా రాయండి, అందులో మామూలుగా ఎవరూ అడగనివాళ్ల పేర్లు ముందు రాయండి. అడిగితే కాదనరు, అడగరనే వాళ్ల బాధ. మంచాన ఉన్నవాళ్లు, ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, వీళ్ల జాబితా కూడా ఇప్పుడే తయారు చేయండి. పోయినవాళ్లున్న ఇంటికి డప్పులతో క్రిస్మస్ పాటలు పాడుతూ వెళ్లిపోవడం కంటే, ముందు ఇద్దరు వెళ్లి కూర్చుని రావడం మంచిది. దివ్యసత్ప్రసాదం ఇంటికి తీసుకెళ్లాల్సినవాళ్లు ఎవరో కూడా అప్పుడే తెలుస్తుంది.

విచారణ_వాలంటీర్

అందరికీ థాంక్స్. 17వ తేదీ ఆలోచన రెండు వర్గాలకీ చెప్పాను, పెద్దవాళ్లలో ఒకాయన తప్ప అందరూ సరే అన్నారు, ఆయన కూడా తొట్టి ఖాళీగా ఉంచుతాం అన్నాక కొంచెం మెత్తబడ్డారు. పశ్చాత్తాప ప్రార్థన తేదీ ఫాదర్ గారు చూస్తానన్నారు. ఒక్క డౌట్ మిగిలింది: 24 ఆదివారం పడిన ఏడాది ఎలా చేయాలి? పొద్దున ఆగమన కాలం, రాత్రి క్రిస్మస్, మధ్యలో టైమే ఉండదు కదా.

పీఠం_పనులు

2023లో అదే అయింది. పొద్దున నాలుగో ఆదివారం పూజ ఊదా రంగులోనే, నాలుగో కొవ్వొత్తితోనే జరగాలి. మధ్యాహ్నం గుడి మూసి, శనివారం రాత్రే సామాన్లన్నీ వరుసగా సర్ది పెట్టుకున్న టీమును లోపలికి పంపండి. ఆ రెండు పూజలూ వేర్వేరు బాధ్యతలు, ఒకదానికి వస్తే రెండూ అయిపోయినట్టు కాదు అని ముందు వారమే ప్రకటన చదివించండి, లేకపోతే పొద్దున గుడి ఖాళీ.