నేపుల్స్ నుంచి పేస్టం దాకా నాలుగు రోజులు: ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?

మూటాముల్లె:

జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాం, ఇద్దరం. నాది సివిల్, ఫ్రెండ్‌ది ఆర్కిటెక్చర్. ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. అక్టోబర్ మొదటి వారంలో ఇటలీలోని నేపుల్స్‌కి టికెట్లు తీసుకున్నాం. బుధవారం రాత్రి దిగుతాం, ఆదివారం రాత్రి పది దాటాక తిరుగు ఫ్లైట్. మధ్యలో నాలుగు పూర్తి పగళ్లు.

లిస్టులో ఉన్నవి: వెసూవియస్ అగ్నిపర్వతం, అది పూడ్చేసిన రోమన్ ఊళ్లు పాంపేయి, హెర్క్యులేనియం, పేస్టం పాత గుళ్లు, అమాల్ఫి తీరం, కాప్రి దీవి. కారు తీసుకోం. చెరో బ్యాక్‌ప్యాక్, అంతే.

సొరెంటోలో ఉండి అన్నీ అక్కణ్నుంచే తిరగమని చాలామంది అంటున్నారు, కానీ అక్కడి గదుల రేట్లు మా వల్ల కావు. స్టూడెంట్ కార్డు చూపిస్తే శిథిలాల టికెట్లలో తగ్గింపు ఉంటుందా? పాంపేయి చూశాక మళ్లీ పేస్టం దాకా వెళ్లడం దండగా?

రాతిబాట:

ముందు కాప్రి కొట్టేయండి. రానూపోనూ ఫెర్రీ ఖర్చే ఒక్కొక్కరికి ఒక రోజు బడ్జెట్ మింగేస్తుంది, పైగా రోజంతా దానికే పోతుంది. వెసూవియస్ కూడా ఈసారికి వద్దు. ఎర్కోలానో (హెర్క్యులేనియం ఉన్న ఇప్పటి ఊరు) నుంచి బస్సు, ముందే ఆన్‌లైన్‌లో కొన్న టైం స్లాట్ టికెట్టు, పైకి నడక, కిందికి నడక, అన్నీ కలిపి సగం రోజు. మబ్బు పడితే పైన ఏమీ కనపడదు, టికెట్టు డబ్బులు వెనక్కి రావు.

బస సంగతి. మొదటి రెండు రాత్రులు నేపుల్స్, తర్వాతి రెండు సలెర్నో. సొరెంటో అవసరమే లేదు. సలెర్నో మామూలు ఊరు, పెద్ద రైల్వే స్టేషన్, గదులు చవక. అమాల్ఫి పడవలు ఎక్కే పియాజ్జా దెల్లా కొంకోర్దియా రేవు స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. పేస్టం రైలు కూడా అదే స్టేషన్ నుంచి. సొరెంటోలో దిగితే పేస్టం వెళ్లి రావడానికే రోజంతా పడుతుంది.

గురువారం: పొద్దున హెర్క్యులేనియం, మధ్యాహ్నం నేపుల్స్ పురావస్తు మ్యూజియం. పాంపేయి గోడల మీది చిత్రాలు, నేల మొజాయిక్‌లలో మంచివన్నీ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. మంగళవారం సెలవు, మీకు ఆ బెడద లేదు.
శుక్రవారం: పొద్దున్నే సలెర్నో చేరి బ్యాగులు పడేసి పేస్టం.
శనివారం: అమాల్ఫి తీరం.
ఆదివారం: పాంపేయి, అటునుంచి అటే నేపుల్స్, ఎయిర్‌పోర్టు.

పాంపేయిని ఆదివారానికి పెట్టడానికి కారణం ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు, శిథిలాలు అందరికీ ఉచితం, ఏ పాస్‌పోర్టు అయినా సరే. మామూలు రోజున పాంపేయి టికెట్టు దాదాపు 20 యూరోలు.

సున్నం_ఇటుక:

టికెట్ల విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే. అక్కడ రాసి ఉండే 2 యూరోల టికెట్టు 18 నుంచి 24 ఏళ్ల యూరోపియన్ యూనియన్ పౌరులకు. స్టూడెంట్లకని కాదు. జర్మనీ యూనివర్సిటీ కార్డు ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టుకి అది వర్తించదు. ఆన్‌లైన్‌లో ఆ టికెట్టు కొనేసి వెళ్తే గేటు దగ్గర ఆపి పూర్తి ధర కట్టమంటారు. పాంపేయి టికెట్టు మీద ఇప్పుడు పేరు ముద్రిస్తున్నారు (రోజుకు 20,000 మంది అన్న పరిమితి పెట్టినప్పటి నుంచి), కాబట్టి పాస్‌పోర్టు కూడా చూస్తారు.

మీ ఫ్రెండ్‌కి మాత్రం వేరే దారి ఉంది. యూరోపియన్ యూనియన్ దేశాల యూనివర్సిటీల్లో ఆర్కిటెక్చర్, పురావస్తు శాస్త్రం, కళా చరిత్ర లాంటివి చదివేవాళ్లకు ఇటలీ ప్రభుత్వ స్థలాల్లో ప్రవేశం ఉచితం. ఇది పౌరసత్వాన్ని బట్టి కాదు, చేరిన కోర్సును బట్టి. కార్డు మీద సబ్జెక్టు పేరు ఉండదు గనుక, ఈ సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ ఇంగ్లిషులో ప్రింట్ తీసుకుని కౌంటర్లో చూపించాలి. సివిల్ వాళ్లకు ఈ వెసులుబాటు లేదు, మన్నించాలి.

ఉచిత ఆదివారం గురించి రాతిబాట గారితో నాకు పేచీ ఉంది. ఆ రోజు జనం విరగబడతారు. వెట్టీ సోదరుల ఇల్లు లాంటి పేరున్న ఇళ్ల ముందు లోపలికి వెళ్లడానికే క్యూ. పదిన్నరకి చేరితే సగం ఇళ్లు గుమ్మం నుంచే చూసి రావాలి. డబ్బు ముఖ్యమనుకుంటే ఆదివారమే వెళ్లండి, కానీ తొమ్మిదికి గేటు తెరిచేసరికి అక్కడ ఉండాలి. లేదంటే గురువారం పాంపేయికి డబ్బు కట్టి చూసి, హెర్క్యులేనియంని ఆదివారానికి మార్చుకోండి. అది చిన్నది, రెండున్నర మూడు గంటల్లో తీరుబడిగా అవుతుంది, ఉచిత రోజున కూడా పాంపేయి అంత రద్దీ ఉండదు.

మూటాముల్లె:

ఇద్దరికీ థాంక్స్. సర్టిఫికెట్ సంగతి అసలు తెలియదు. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి: పాంపేయి, హెర్క్యులేనియం రెండూ ఒకే పేలుడులో పోయినవే కదా, రెండూ చూడాలా? ఇంకా, రైళ్లలో ఏది ఎక్కాలో మ్యాపు చూస్తే తల తిరుగుతోంది. పాంపేయి పేరుతోనే మూడు స్టేషన్లు కనిపిస్తున్నాయి.

రాతిబాట:

రెండూ చూడాలి, ఎందుకంటే క్రీ.శ. 79లో రెండూ పోయిన తీరు వేరు. పాంపేయి మీద గంటల తరబడి తేలికపాటి ప్యూమిస్ రాళ్లు వానలా కురిశాయి. ఆ బరువుకే కప్పులు కూలాయి. అందుకే అక్కడ గోడలు నడుం ఎత్తు నుంచి ఒక అంతస్తు దాకా మిగిలాయి, కర్ర మాయం. హెర్క్యులేనియం మీదికి కాలే వాయువు, బూడిద కలిసిన ప్రవాహం దూసుకొచ్చి, ఊరిని దాదాపు 20 మీటర్ల మందాన పూడ్చి రాయిలా గట్టిపడింది. ఆ వేడికి కర్ర కాలిపోకుండా బొగ్గయి నిలిచింది. అక్కడ ఒక ఇంట్లో హాలును రెండుగా విడదీసే కర్ర తడక ఉంది, దాని తలుపుల కంచు పిడులతో సహా. రెండు వేల ఏళ్లనాటి దూలాలు, మేడ మెట్లు, మంచం చట్రం కంటి ముందు నల్లగా నిలబడి ఉంటాయి. కింద పడవల గూళ్లలో పారిపోలేక చనిపోయిన సుమారు 300 మంది ఎముకలు దొరికాయి. సివిల్ వాళ్లకయితే పాంపేయి కన్నా ఇదే ఎక్కువ చెప్తుంది.

పాంపేయిలో చూడాల్సింది ఊరి పరిమాణం. వీధులు దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు గమనించండి. వాటి మధ్య సందులు బండి చక్రాల కోసం, ఆ సందుల దగ్గర చక్రాలు అరగదీసిన గాళ్లు వేలితో తాకి చూడొచ్చు. లావా రాతి పలకల నడుమ అక్కడక్కడ పొదిగిన తెల్లటి పాలరాతి ముక్కలు, రాత్రి దీపం వెలుగుకి దారి తెలియడానికని చెప్తారు. ఒక హెచ్చరిక: ఆ పలకలు అరిగి అరిగి నున్నబడ్డాయి. చినుకు పడితే సబ్బు నేలే. మంచి గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. నీళ్ల సీసా మాత్రం ఒకటి చాలు, వీధి మూలల్లో తాగునీటి కుళాయిలున్నాయి.

ఇక రైళ్లు. నేపుల్స్ గారిబాల్ది స్టేషన్ కింది అంతస్తు నుంచి వెళ్లే లోకల్ రైలు చిర్కుమ్‌వెసువియానా. ముందు భాగంలో "సొరెంటో" అని రాసి ఉన్నదే ఎక్కండి. హెర్క్యులేనియంకి దిగే ఎర్కోలానో స్కావి 20 నిమిషాలు, పాంపేయి స్కావి – విల్లా దేయి మిస్తేరి 35-40 నిమిషాలు. ఈ స్టేషన్ దిగితే ఎదురుగానే పోర్తా మరీనా గేటు. పొజ్జోమరీనో వెళ్లే రైలు పొరపాటున ఎక్కితే పాంపేయి సాంతువారియోలో దించుతుంది, అది కొత్త ఊళ్లో ఉంది. మూడోది ఇటలీ ప్రభుత్వ రైల్వే ట్రెనితాలియా వాళ్ల పాంపేయి స్టేషన్, సలెర్నో వైపు నుంచి వచ్చేవాళ్లకు పనికొస్తుంది. అక్కణ్నుంచి ఆంఫితియేటర్ వైపు గేటు దగ్గరే, పోర్తా మరీనా దూరం.

ఆదివారం మీకు ఇక్కడే చిక్కు వస్తుంది. 30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు. సలెర్నో నుంచి వచ్చి ఆంఫితియేటర్ వైపు లోపలికి పోకుండా, అరగంట నడిచినా సరే పోర్తా మరీనా దాకా వెళ్లి బ్యాగులు అక్కడి సామాన్ల గదిలో పెట్టండి. చూడటం అయ్యాక అదే గేటులో బయటికొస్తే నేపుల్స్ రైలు పక్కనే. ఈ రైలు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది, పాత పెట్టెల్లో ఏసీ ఉండదు, జేబుదొంగలు ఉంటారు. నేపుల్స్‌లో ఎక్కేటప్పుడు సీటు కావాలంటే గారిబాల్ది కాకుండా ఒక స్టాపు వెనక్కి, రైలు బయల్దేరే పోర్తా నొలానాలో ఎక్కాలి. నడిచి పది నిమిషాలు.

మెట్లదారి:

తీరం సంగతి నేను చెప్తాను. శనివారం సలెర్నో నుంచి పొద్దుటి ఫెర్రీలో అమాల్ఫి, 35 నిమిషాలు. బస్సులో గంటా పావు, ట్రాఫిక్ పడితే ఇంకా ఎక్కువ. డబ్బు మిగలాలంటే ఒకవైపు పడవ, ఒకవైపు బస్సు. పడవలో వెళ్లి బస్సులో రండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు చెప్పాపెట్టకుండా ఆపేస్తారు, అప్పుడు బస్సే గతి. సలెర్నో నుంచి వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, వచ్చేటప్పుడు కుడివైపు. సలెర్నోలో మోలో మాన్‌ఫ్రేది అని ఇంకో రేవు కూడా ఉంది, టికెట్టు మీద ఏ రేవో చూసుకోండి.

ఈ తీరంలో తిరిగే సీతా కంపెనీ బస్సు టికెట్టు ఎక్కే ముందే కొనాలి. "టి" బోర్డున్న టొబాకో కొట్లలో, బార్లలో అమ్ముతారు. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం కొట్టు మూసేస్తారు, కాబట్టి రానూపోనూ టికెట్లు పొద్దున్నే కొని పెట్టుకోవడం మేలు. ఎక్కగానే మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి. మధ్య స్టాపుల్లో నిండిన బస్సు ఆపకుండా పోతుంది, వీలైనంత వరకు బయల్దేరే చోటే ఎక్కండి.

అమాల్ఫి గంటన్నర చాలు. 62 మెట్లెక్కి చర్చి, వెనక సందులు. అక్కణ్నుంచి రావెల్లో బస్సు, 365 మీటర్ల ఎత్తు. తిరిగి బస్సులో దిగకుండా మినోరికి మెట్లదారిన దిగండి, గంటలోపే. మోకాళ్లు కాస్త మూలుగుతాయి. మినోరిలో 1వ శతాబ్దపు రోమన్ విల్లా ఊరి ఇళ్ల మధ్యలోనే ఉంది. సలెర్నో బస్సు అదే ఊరి మీదుగా పోతుంది. పొజిటానో వదిలేయండి. ఫొటోలో ఎంత బాగుంటుందో, అక్కడ జేబుకి అంత బరువు.

పేస్టం దండగా అన్నారు. కాదు. అవి రోమన్ కట్టడాలు కావు, గ్రీకులవి, పాంపేయి పోవడానికి ఐదు వందల ఏళ్ల ముందువి. మూడు గుళ్లలో పాతది క్రీ.పూ. 550 ప్రాంతపు హేరా దేవత గుడి. దాని ముందు వరుసలో స్తంభాలు లెక్కపెట్టండి: తొమ్మిది. బేసి సంఖ్య కావడంతో నట్టనడుమ ద్వారం రావాల్సిన చోట స్తంభం వచ్చింది. లోపల కూడా మధ్యలో ఒక వరుస. పక్కన వందేళ్ల తర్వాతి గుడికి ముందు ఆరే, మధ్య దారి ఖాళీ. ఆర్కిటెక్చర్ చదివే మనిషిని అక్కణ్నుంచి కదిలించడం కష్టం, రెండు గంటలు ఎక్కువే పెట్టుకోండి. అదే టికెట్టుతో మ్యూజియం, అందులో 1968లో దొరికిన డైవర్ సమాధి మూత: నీళ్లలోకి దూకుతున్న కుర్రాడి బొమ్మ.

సలెర్నో నుంచి రైలు అరగంటే. చిన్న స్టేషన్, రైళ్ల మధ్య గంట రెండు గంటల ఎడం. తిరుగు రైలు టైం చూసుకున్నాకే శిథిలాల వైపు నడవండి, పది పదిహేను నిమిషాలు. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు మిషన్లో ముద్ర వేయాలి, ఫోన్ టికెట్టయితే చెకిన్ నొక్కాలి. మర్చిపోతే టికెట్టు ఉన్నా జరిమానా.

సున్నం_ఇటుక:

ఎవరూ సమ్మె మాట ఎత్తలేదు. ఇటలీలో రైలు సమ్మెలు తరచూ శుక్రవారమే వస్తాయి, మీ పేస్టం రోజు. "షోపెరో" (సమ్మె) అనే మాట కనిపిస్తే ఏమిటా అని ఆగి చూడండి. పనిరోజుల్లో పొద్దున 6-9, సాయంత్రం 6-9 మధ్య ట్రెనితాలియా కొన్ని లోకల్ రైళ్లు తప్పక నడపాలి. పొద్దున ఆ రైలుకి వెళ్లి, సాయంత్రం ఆ రైలుకే తిరిగి రావచ్చు.

గురువారం మ్యూజియం త్వరగా అయిపోతే ఒకటి. గారిబాల్ది నుంచి లైన్ 2 రైలు చివరి స్టేషన్ పొజ్జువోలి. దిగువకి పావుగంట నడిస్తే రోమన్ల పాత సంత కనిపిస్తుంది. గుంతలా ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నుంచే, టికెట్టు లేకుండా చూడొచ్చు. అందులో నిలబడి ఉన్న మూడు పాలరాతి స్తంభాల మీద, రెండు నిలువుల ఎత్తు దాకా నునుపు, ఆ పైన జల్లెడలా చిల్లులు. రాతిని తొలిచే సముద్రపు గవ్వలు చేసినవి అవి. అక్కడి నేల ఒకప్పుడు కుంగి స్తంభాలు సముద్రంలో మునిగాయి, కింది భాగం అప్పటికే మట్టిలో పూడి ఉండటంతో గవ్వలకి దొరకలేదు, తర్వాత నేల మళ్లీ లేచింది. ఇప్పటికీ లేస్తూనే ఉంది. సివిల్ అన్నారు కదా, సెటిల్‌మెంట్ (నేల కుంగుబాటు) కొలతలు రాతి మీదే రాసి ఉన్న చోటు ఇంకెక్కడా దొరకదు.