నెలలు నిండని బిడ్డకు రక్తం: ఎంత, ఎంతసేపట్లో?

ప్రశ్న: 1.2 కిలోల బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కించాలి. ఎన్ని మిల్లీలీటర్లు, ఏ వేగంతో? గర్భంలో ఉండగానే రెండుసార్లు రక్తం ఎక్కించారు. దానివల్ల ఇప్పుడేమైనా తేడా ఉంటుందా?

జవాబు 1: మామూలుగా కిలోకు 15 మి.లీ. అండీ, అంటే 18 మి.లీ. సిరంజి పంపులో గంటకు 5 పెడితే మూడున్నర గంటలు దాటాక అయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 గంటల్లోపు ముగియాలి, లేదంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. గొట్టంలో మిగిలిపోయే రక్తాన్నీ లెక్కేసి తెప్పించండి. ఫిల్టర్ తప్పనిసరి.

జవాబు 2: తేడా ఉంది, చాలా ముఖ్యమైనది! గర్భంలో రక్తం ఎక్కించిన బిడ్డకు ఇకపై రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలి. దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) బిడ్డలో పాతుకుపోయి బిడ్డ కణజాలంపైనే దాడి చేస్తే బతికించడం చాలా కష్టం; రేడియేషన్ వాటిని పెరగనివ్వదు. డాక్టర్లు ముందు అంచనా వేసిన కాన్పు తేదీ దాటి 6 నెలలయ్యేదాకా ఈ జాగ్రత్త పాటిస్తారు. అయితే రేడియేషన్ తర్వాత కణాల్లోంచి పొటాషియం త్వరగా బయటికొస్తుంది. బిడ్డ రక్తం తీసేస్తూ దాత రక్తం ఎక్కించే రక్తమార్పిడి లాంటి పెద్ద మోతాదుకైతే 24 గంటల్లోపే వాడాలి, లేకపోతే గుండె ఆగే ప్రమాదం.

జవాబు 3: క్రాస్‌మ్యాచ్‌కు (దాత రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) తల్లి రక్తం కూడా పంపండి, బిడ్డలో తిరిగే యాంటీబాడీలు ఆమెవే. అదే లైన్లో గ్లూకోజ్ ద్రవమైన డెక్స్‌ట్రోజ్ వద్దు, కణాలు పగిలిపోతాయి.