ఇంట్లో జోడించుకున్న ఏఆర్-15లో ఒక పక్కే అరుగుదల: క్యారియర్ మార్చాలా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటున్నాను, గ్రీన్ కార్డు ఉంది. రెండేళ్ల కిందట విడిభాగాలు కొనుక్కుని ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను ఇంట్లోనే జోడించుకున్నాను. బారెల్ 16 అంగుళాలది, ఛాంబర్ 5.56, గ్యాస్ ట్యూబ్ (కాల్పు గ్యాస్‌ను బారెల్ నుంచి వెనక్కి తెచ్చే సన్నని గొట్టం) కార్బైన్ పొడవుది, బఫర్ (క్యారియర్ వెనక్కి వచ్చే వేగాన్ని తగ్గించే బరువు) మాత్రం కిట్‌తో వచ్చిన మామూలుదే. రేంజిలో ఇప్పటికి 1,200 తూటాలు కాల్చి ఉంటాను, అన్నీ ఫ్యాక్టరీవే.

మొన్న శుభ్రం చేద్దామని విప్పితే మూడు చోట్ల తేడా కనిపించింది. అప్పర్ (రైఫిల్ పై సగం) లోపల ఎడమ గోడకు, కామ్ పిన్ (ఛాంబర్‌ను మూసే బోల్ట్‌ను తిప్పే ఉక్కు పిన్) తల ఆనే చోట, నల్లపూత పోయి గోరు గీరితే తగిలేంత గాడి పడింది. క్యారియర్ (బోల్ట్‌ను మోస్తూ ముందుకూ వెనక్కూ కదిలే భాగం) మీది గ్యాస్ కీ (గ్యాస్ ట్యూబ్ కొస దూరే పొట్టి గొట్టం) మూతి లోపలి అంచు కుడి పక్కన మాత్రమే తెల్లగా మెరుస్తోంది, గ్యాస్ ట్యూబ్ కొసకు కూడా అదే పక్కన అదే మెరుపు ఉంది. ఇక ఖాళీ తొడుగులు పక్కకు పడకుండా ముందుకు, గడియారంలో ఒంటిగంట దిక్కుకు, దూరంగా ఎగిరి పడుతున్నాయి. వాటిలో కొన్నింటి అడుగు అంచు, ఎక్స్‌ట్రాక్టర్ (తొడుగును బయటికి లాగే కొక్కెం) పట్టిన చోట, కొరికినట్టు లేచి ఉంది. క్యారియర్ ఉక్కు మెత్తనిదని, ఖరీదైనది కొనుక్కోమని మిత్రుడొకరు అంటున్నారు. కొనమంటారా?

సమాధానం

ఇప్పుడే కొనకండి. ముందుగా మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టి రండి. ఈ కింద చెప్పే పరీక్షల్లో దేనికీ తూటాతో పని లేదు.

మీ మిత్రుడి మాటలో ఒక చిక్కు ఉంది. గాడి పడింది అప్పర్‌కు. అది 7075 రకం అల్యూమినియం, దాన్ని గీసిన కామ్ పిన్ ఉక్కు. ఉక్కు నిజంగా మెత్తనిదైతే పిన్ తల అంచులు ముందుగా నలిగి గుండ్రబడి ఉండాలి, మీరు అలాంటిదేమీ రాయలేదు. అరిగిన భాగం దెబ్బ తిన్నది మాత్రమే, కొట్టింది మరొకటి. ఈ రైఫిల్‌లో ఏదైనా అరిగినప్పుడు నేను మొదట అడుగుకునే ప్రశ్న ఒక్కటే: అరుగుదల చుట్టూ సమానంగా ఉందా, ఒక పక్కకే ఉందా? ఒక పక్కకే ఉంటే అమరికలో వంకర ఉన్నట్టు. అరుగుదల ఉండాల్సిన చోటే ఉండి, మోతాదు మించితే, కదిలే భాగాల వేగం ఎక్కువైనట్టు. మీ రైఫిల్‌లో ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయి కాబట్టే అంతా ఒకే జబ్బులా అనిపిస్తోంది.

గ్యాస్ కీ సంగతి మొదట చూద్దాం. అప్పర్‌ను లోయర్ నుంచి విడదీసి, క్యారియర్‌లోంచి ఫైరింగ్ పిన్, కామ్ పిన్, బోల్ట్ తీసేయండి. ఛార్జింగ్ హ్యాండిల్ కూడా పక్కన పెట్టి, ఒట్టి క్యారియర్‌ను వెనక నుంచి అప్పర్‌లోకి జార్చి, బారెల్‌ను నెమ్మదిగా కిందికి వంచండి. క్యారియర్ తన బరువుకే జారి వెళ్లి, గ్యాస్ ట్యూబ్ కొస గ్యాస్ కీలోకి చడీచప్పుడు లేకుండా దూరిపోవాలి. ఆఖరి అంగుళంలో టక్‌మని ఆగినా, వేలితో తోస్తేనే దూరినా, ట్యూబ్ నడిమధ్యలో లేదన్నమాటే. చాలాసార్లు దీనికి మూలం బారెల్‌ను అప్పర్‌కు బిగించే బారెల్ నట్. దాన్ని 30 నుంచి 80 ఫుట్-పౌండ్ల మధ్య ఎక్కడైనా బిగించవచ్చునని పరిధి అంత వెడల్పుగా ఇచ్చింది ఇందుకే: నట్ మీది గాడి ట్యూబ్ దారికి సూటిగా వచ్చేదాకా తిప్పుకోవడానికి చోటుండాలి. ఇంటి జోడింపుల్లో 40 దగ్గర రెంచి టిక్కుమనగానే చాలనుకుని వదిలేస్తారు. గాడి వెంట్రుకవాసి పక్కకు ఉండిపోతుంది, దాని పన్ను ట్యూబ్‌ను ఒక పక్కకు నెడుతూనే ఉంటుంది. నేను జోడించిన మొదటి రైఫిల్‌లో నేనూ ఇదే చేశాను.

రెండోది వేగం. కార్బైన్ పొడవంటే గ్యాస్ రంధ్రం ఛాంబర్‌కు సుమారు 7 అంగుళాల దూరంలో ఉంటుంది, మధ్యస్థ పొడవైతే సుమారు 9 అంగుళాలు. దగ్గరి రంధ్రం దగ్గర పీడనం ఎక్కువ. పైగా 16 అంగుళాల బారెల్‌లో గుండు ఆ రంధ్రం దాటాక కూడా ఇంకా 9 అంగుళాలు ప్రయాణించాలి కాబట్టి, గ్యాస్ అంతసేపూ క్యారియర్‌ను వెనక్కి నెడుతూనే ఉంటుంది. ఫలితంగా బోల్ట్ తొందరపడి తాళం విప్పుతుంది. తొడుగు ఇంకా ఛాంబర్ గోడలకు అతుక్కుని ఉండగానే ఎక్స్‌ట్రాక్టర్ లాగుతుంది, అంచు లేచేది అందుకే. ముందుకు ఎగిరే తొడుగులు, లోతెక్కే కామ్ పిన్ గాడి కూడా ఇదే మాట చెబుతున్నాయి. ఆ గాడి కొద్దిగా పడటం ప్రతి ఏఆర్‌లోనూ సహజమే. గోరు తగిలేంత గాడి 1,200కే పడటమే నాకు ఎక్కువగా తోచింది.

మామూలు కార్బైన్ బఫర్ బరువు దాదాపు 3 ఔన్సులు, అంటే 85 గ్రాములు. హెచ్2 అని అమ్మేది దాదాపు 4.6 ఔన్సులు. ముందు ట్యూబ్‌ను సరిచేసి, తర్వాత బఫర్ ఒక్కటే మార్చి, అవే తూటాలతో రేంజిలో చూడండి. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చినప్పుడు బోల్ట్ ప్రతిసారీ వెనక నిలబడాలి. నిలబడకపోతే ఆ బఫర్ మీ రైఫిల్‌కు బరువెక్కువ.

మరొక సభ్యుని బదులు

పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను, కానీ ఒక అడుగు ముందే వేయాలి. బోల్ట్, బారెల్ వేర్వేరు చోట్ల కొన్నవైతే హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం) గేజ్‌లతో కొలవకుండా మళ్లీ కాల్చకండి. గో గేజ్ (కనీస కొలత) మీద బోల్ట్ మూసుకోవాలి, ఫీల్డ్ గేజ్ (గరిష్ఠ హద్దు) మీద మూసుకోకూడదు. మూసుకుంటే రైఫిల్‌ను నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలి. బోల్ట్‌ను తుడిచి భూతద్దంతో చూడండి. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది రెండు చోట్ల: ఎక్స్‌ట్రాక్టర్‌కు అటూ ఇటూ ఉన్న పళ్ల మొదట్లో, కామ్ పిన్ రంధ్రం దగ్గర. అలాగే ఎప్పుడైనా ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే రెండు తూటాలు పేలినట్టయితే, అది అరుగుదల చర్చ కాదు, అక్కడితో ఆపేయాలి.

ఇంకొక సభ్యుని సందేహం

సర్దుబాటు చేసుకునే గ్యాస్ బ్లాక్ (బారెల్ నుంచి ట్యూబ్‌లోకి గ్యాస్‌ను మళ్లించే భాగం) బిగిస్తే ఒక్క స్క్రూతో పని అయిపోదా? ఇంకో సంగతి, నా రూమ్మేట్ హెచ్-1బీ మీద ఉన్నారు, ఆయన కూడా ఇలాంటిది జోడించుకుందామనుకుంటున్నారు.

మొదటి సమాధానకర్త

బ్లాక్‌తో వేగం తగ్గుతుంది, నిజమే. కానీ ట్యూబ్ వంకర అలాగే ఉండి, కీని అరగదీస్తూనే ఉంటుంది. పైగా ఆ స్క్రూ మసి పట్టి బిగుసుకుంటే మరో తలనొప్పి. బఫర్‌తో సరిపోకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. మీ రూమ్మేట్‌ను మాత్రం ఆపండి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి సంగతి న్యాయవాదితో తేల్చుకున్నాకే ముట్టుకోవాలి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ప్రయత్నిద్దామనే ఆలోచన అసలే వద్దు, 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం మన దేశంలో నేరం.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

గన్‌స్మిత్ గేజ్‌లతో చూశారు, హెడ్‌స్పేస్ సరిగ్గా ఉంది, బోల్ట్‌కు పగుళ్లు లేవు. మీరు చెప్పినట్టే క్యారియర్ ఆఖరి అంగుళంలో టక్‌మని ఆగింది. వెనక నుంచి టార్చి వేసి చూస్తే ట్యూబ్ స్పష్టంగా కుడికి ఒరిగి ఉంది. ట్యూబ్ తీసి బారెల్ నట్‌ను మరికొంచెం తిప్పితే 60 దాటాక గాడి సూటిగా కుదిరింది, ఇప్పుడు క్యారియర్ తన బరువుకే జారుతోంది. హెచ్2 బఫర్‌తో 200 కాల్చాను. తొడుగులు మూడున్నర, నాలుగు గంటల దిక్కున కుప్పగా పడుతున్నాయి, ఒంటి తూటా పరీక్షలో పదికి పదిసార్లు బోల్ట్ నిలిచింది. కామ్ పిన్ గాడిలో నల్ల మార్కర్ పూసి వెళ్లాను, తిరిగొచ్చి చూస్తే సగం పూత ఇంకా ఉంది. పాత గాడి ఉన్న అప్పర్‌ను మార్చాలా?

మొదటి సమాధానకర్త

అవసరం లేదు. పిన్ తల అంచు చేతికి గరుకుగా తగిలితే పిన్ ఒక్కటి మార్చండి, ఆ గోడకు నూనె పొడిబారనివ్వకండి. ఒక పక్క అరిగిన గ్యాస్ ట్యూబ్ మాత్రం మార్చేయండి, అది చవకే. కొత్త ట్యూబ్ కొసకు కూడా అదే మార్కర్ పూసి, మరో 300 కాల్చాక రంగు చుట్టూ సమానంగా పోయిందో లేదో ఇక్కడ రాయండి.