ఆగ్నేయంలో ఫౌంటెన్ పెట్టొచ్చా? ఫెంగ్ షుయ్ పెట్టమంటోంది, వాస్తు వద్దంటోంది

పటమట కోడలు:
మాది పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్, పడమర గుమ్మం. మా ఆడపడుచు ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఫెంగ్ షుయ్ (చైనా వాళ్ల వాస్తు లాంటిది) క్లాసులేవో విని, మొన్న వస్తూ వస్తూ ఓ చిన్న ఫౌంటెన్, నాణెం నోట కరుచుకున్న మూడు కాళ్ల కప్ప, లక్కీ బాంబూ పట్టుకొచ్చింది. ఫౌంటెన్ ఆగ్నేయం మూల పెట్టమంది. అది డబ్బు మూలట, చెట్టు తత్వమట, నీళ్లు పడితే చెట్టు పెరిగినట్టు డబ్బూ పెరుగుతుందట. మా అత్తగారేమో "ఆగ్నేయంలో నీళ్లేంటమ్మా, అది అగ్నిదేవుడి మూల, పొయ్యి ఉండాల్సిన చోటు" అన్నారు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు అనుకోరు, ఇద్దరూ నాకే చెబుతారు. వారం నుంచి ఆ ఫౌంటెన్ సోఫా పక్కన అట్టపెట్టెలోనే ఉంది. ఈ రెంటినీ కలిపి పాటించడం అసలు కుదురుతుందా?

బ్రాడీపేట 4వ లైన్:
రెండూ మానేయండి, గొడవ వదిలిపోతుంది. మా ఇంట్లో వాస్తు ఆయన చెప్పాడని మెట్లు కొట్టించి వేరే వైపు కట్టించాం, రెండేళ్లకి ఫెంగ్ షుయ్ ఆయన వచ్చి ఇప్పుడు మెట్లు గుమ్మానికి ఎదురుగా ఉన్నాయి, వచ్చిన శక్తి వచ్చినట్టే జారిపోతోంది, అద్దం తగిలించండి అన్నాడు. జారిపోయింది మా నాన్న డబ్బులు. ఇంకో సంగతి, మీ లక్కీ బాంబూ వెదురే కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా అనే మొక్క. లాఫింగ్ బుద్ధ కూడా బుద్ధుడు కాదండీ, 10వ శతాబ్దంలో బుదాయ్ అని ఒక చైనా సన్యాసి. అమరావతి స్తూపానికి ఇంత దగ్గర్లో పుట్టి ఆ బొజ్జాయన్ని బుద్ధుడనుకుంటున్నాం మనం.

వన్‌టౌన్ బట్టల కొట్టు:
నాలుగో లైన్ తమ్ముడూ, నువ్వు మోసపోయావని శాస్త్రమంతా మోసం అయిపోదు. మా కొట్లో గల్లాపెట్టె గుమ్మానికి వీపు పెట్టి ఉండేది. ఫెంగ్ షుయ్‌లో మొదట చెప్పేదే అది, వెనక గోడ ఉండాలి, ఎదురుగా గుమ్మం కనపడాలి. తిప్పి పెట్టాను. వెనక గదిలో పదేళ్లుగా పేరుకున్న అట్టపెట్టెలు, విరిగిన బొమ్మలు అన్నీ తీసేయించాను. వచ్చేవాళ్లని లేచి పలకరించడం అప్పుడే మొదలైంది నాకు, అంతకుముందు చూసేవాణ్ణే కాదు. ఆ ఏడు దసరా సీజన్ బాగా జరిగింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, బండి కొనేటప్పుడు రాహుకాలం చూసుకునేదీ మీరే.

సింగ్‌నగర్ గ్రౌండ్ ఫ్లోర్:
2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి మా అందరికీ ఈశాన్యం, ఆగ్నేయం తేడా లేకుండా అన్ని మూలలా నీళ్లు పెట్టేసి వెళ్లింది. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం తప్ప డబ్బు మాత్రం రాలేదు.

ప్లాన్లు గీస్తుంటాను:
ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీళ్లు. ఇది ఇళ్లకే కాదు, సమాధులకీ చోటు చూడటానికి వాడిన విద్య. 4వ శతాబ్దపు గువో పు పేరు మీద ఉన్న పాత గ్రంథంలో 'చి' అనే శక్తి గాలికి చెదిరిపోతుందనీ, నీళ్ల దగ్గర ఆగుతుందనీ ఉంటుంది. అందుకే వెనక కొండ, ముందు నీళ్లు, దక్షిణం ముఖం అంటారు. ఉత్తర చైనాలో బతికేవాడికి ఇది అక్షరాలా నిజం. చలికాలం గాలి సైబీరియా, మంగోలియా వైపు నుంచి దుమ్ముతో సహా కొడుతుంది, దాన్ని కొండ ఆపాలి. బీజింగ్‌లో మధ్యాహ్నం ఎండ ఏడాది పొడుగునా దక్షిణం నుంచే పడుతుంది, ఆ వెచ్చదనం ఇంట్లోకి రావాలి.

ఇప్పుడు అదే తెచ్చి బెజవాడలో పెడితే? మనం పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మనకి చలి గొడవే లేదు, మన బాధంతా పడమటి ఎండ, వడగాలి. సాయంత్రం చల్లగాలి వచ్చేది బందరు వైపు నుంచి, అంటే ఆగ్నేయం నుంచే. కాబట్టి అమ్మా, ఆ మూల ఫౌంటెన్ పెట్టినా పెట్టకపోయినా అక్కడ కిటికీ ఉంటే దానికి అడ్డంగా బీరువా మాత్రం పెట్టకండి. (ఆగ్నేయం వంటిల్లు ఆ గాలికి పోపు ఘాటు ఇల్లంతా తిప్పుతుంది, ఇది మీ అత్తగారికి చెప్పొద్దు.) పడమర గుమ్మం అన్నారు కాబట్టి ముందు అటు ఓ చాప కట్టించండి.

బ్రాడీపేట 4వ లైన్:
అంటే శక్తీ గిక్తీ లేదనేగా సార్?

ప్లాన్లు గీస్తుంటాను:
నేను గాలి, ఎండ గురించి చెప్పాను. మిగతాది నా సబ్జెక్టు కాదు.

వన్‌టౌన్ బట్టల కొట్టు:
అమ్మాయ్, నీ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. ఫెంగ్ షుయ్‌లో అందరూ దిక్సూచి వాడరు. అమెరికాలో లిన్ యున్ అనే ఆయన ప్రచారం చేసిన పద్ధతిలో గుమ్మమే లెక్క, గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎడమ చేతి వైపు చివరి మూల డబ్బు మూల. నీది పడమర గుమ్మం, లోపలికి వస్తే ముఖం తూర్పుకి, ఎడమ చెయ్యి ఉత్తరానికి. అంటే నీ డబ్బు మూల ఈశాన్యం! మన వాస్తులో నీళ్లు ఉండాల్సిందీ అక్కడే. ఇద్దరి మాటా నిలబడుతుంది.

బ్రాడీపేట 4వ లైన్:
బాబాయ్, నచ్చిన జవాబు వచ్చేదాకా పద్ధతి మార్చుకుంటూ పోవచ్చన్నమాట. ఇదేం శాస్త్రం! ఒకే ఇంటికి ఒకే విద్యలో రెండు డబ్బు మూలలుంటే, ఉన్నచోట ఉన్నట్టు ఎవరు చెబుతున్నారు, లేనిచోట ఉన్నట్టు ఎవరు చెబుతున్నారు?

వన్‌టౌన్ బట్టల కొట్టు:
నీకు శాస్త్రం కావాలి, ఆ అమ్మాయికి ఇంట్లో మాట కుదరాలి.

గుణదల నర్సు:
ఎక్కడ పెట్టినా ఒక మాట. కరెంటు పోయినా, మీరు మర్చిపోయి ఆపేసినా అందులో నీళ్లు నిలవ ఉంటాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే. వారానికోసారి పారబోసి, గిన్నె అంచులు రుద్ది కడగండి. లక్కీ బాంబూ గ్లాసు కూడా అంతే.

పటమట కోడలు:
అందరికీ థ్యాంక్సండీ. మా ఈశాన్యం బాల్కనీలో వాషింగ్ మెషీన్ ఉంది, నీళ్లు ఆల్రెడీ ఉన్నట్టే కదా అంటే మా ఆయన తప్ప ఎవరూ నవ్వలేదు. దాని పక్కన స్టూలు వేసి ఫౌంటెన్ పెట్టాం. ఈశాన్యం అనగానే అత్తగారు సరేనన్నారు, పైగా తెల్లారి ఆవిడే నీళ్లు మారుస్తానన్నారు. ఆడపడుచుకి ఫొటో పంపితే "ఏ పద్ధతి ప్రకారం వదినా?" అని అడిగింది, బాబాయ్ గారు చెప్పింది యథాతథంగా పంపాను, ఇంకా చూసినట్టు లేదు. బాల్కనీలో ఉన్న ఒక్క ప్లగ్ పాయింటూ వాషింగ్ మెషీన్‌దే, ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.