ఐవీఎఫ్‌కు ముందు చాక్లెట్ సిస్ట్ తీసెయ్యాలా, వదిలెయ్యాలా?

లాప్రో_సర్జన్: 4 సెంటీమీటర్లు దాటిన ఎండోమెట్రియోమాను, అంటే అండాశయంలో పాత రక్తం నిండిన ఈ చాక్లెట్ సిస్ట్‌ను, ఐవీఎఫ్‌కు ముందే తీసెయ్యాలంటాను. ఎగ్ పికప్‌లో (సూదితో అండాలు బయటికి తీసేటప్పుడు) సూది సిస్ట్‌లోకి దిగితే చీము పట్టొచ్చు. పైగా బయాప్సీ లేకుండా అది క్యాన్సర్ కాదని ఎలా చెప్తారు?

ఐవీఎఫ్_ల్యాబ్: ఆ 4 సెంటీమీటర్ల గీతకు ఇప్పుడంత బలం లేదండి. కాన్పు అవకాశం పెంచడానికే అయితే మామూలుగా ఆపరేషన్ వద్దని యూరప్ సంతానోత్పత్తి వైద్యుల సంఘం ఈష్రే 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. నొప్పి ఎక్కువున్నప్పుడు, ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) సూదికి అందనప్పుడు ఆలోచించవచ్చంది. ఈ సిస్ట్ డెర్మాయిడ్ (అండాశయంలో వచ్చే మరో రకం సిస్ట్) లాగా శుభ్రంగా ఒలిచినట్టు రాదు. గోడను లాగుతుంటే దానికి అంటుకున్న అండాశయపు పొర, అందులోని అండాలతో సహా వచ్చేస్తుంది. తర్వాత రక్తం ఆపడానికి బైపోలార్‌తో (కరెంటుతో కాల్చే పరికరం) కాలిస్తే మిగిలినవాటిలోనూ కొన్ని పోతాయి. సిస్ట్‌లు రెండువైపులా ఉన్నా, ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) ముందే తక్కువున్నా ఈ నష్టం భరించలేనిది. చీము భయమంటారా, సూదిని సిస్ట్‌కు తగలనివ్వకుండా తిప్పుకోవాలి, పికప్ రోజు యాంటీబయాటిక్ ఇవ్వాలి.

స్కాన్_గది: క్యాన్సర్ అనుమానం చాలావరకు టీవీఎస్‌లోనే (యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తేలుతుంది. గ్రౌండ్ గ్లాస్‌లా సమంగా పరుచుకున్న మసక, ఒకటి నుంచి నాలుగు గదులు, లోపలి గోడ మీద రక్తప్రసరణ ఉన్న మొలకలు లేకపోవడం: ఇదీ ఎండోమెట్రియోమా రూపం. మొలకలో డాప్లర్ రంగు (రక్తప్రసరణకు గుర్తు) కనబడితే ఈ చర్చ పక్కనపెట్టి ఆంకాలజీకి, అంటే క్యాన్సర్ వైద్యులకు, పంపాల్సిందే. రక్తం చేరిన మామూలు సిస్టేమో అనిపిస్తే 6–12 వారాలకు మళ్ళీ చూడండి, అదైతే కరిగిపోతుంది. సీఏ-125 రక్తపరీక్షను నమ్ముకోవద్దు, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు, ఈ సిస్ట్‌లకు మూలం) అది పెరుగుతుంది.

నన్ను బాధపెట్టేది వేరే. సిస్ట్ కొలిచి రిపోర్టు ముగించేస్తున్నారు. అండాశయాలు రెండూ గర్భసంచి వెనక అతుక్కుని కనిపిస్తే పేగు మీద గడ్డలున్నాయేమో, మూత్రనాళం నొక్కుకుపోయి కిడ్నీ వాచిందేమో చూసి తీరాలి. నొప్పి లేకుండానే కిడ్నీ చెడిపోగలదు.

లాప్రో_సర్జన్: కిడ్నీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఏఎంహెచ్ నష్టమూ కాదనను. కానీ కాల్చకుండా కుట్టేసి రక్తం ఆపితే అది తగ్గుతుంది. దయచేసి సిస్ట్‌లోని ద్రవాన్ని సూదితో లాగేసి పంపడం మాత్రం మానండి, గోడ లోపలే ఉంటుంది గనక మళ్ళీ నిండుతుంది.

ఐవీఎఫ్_ల్యాబ్: సూది విషయంలో మీతోనే ఉన్నాను. అయితే కోత పెట్టేముందు ఏఎంహెచ్, రెండు అండాశయాల్లో ఫాలికిల్స్ లెక్క రాసిపెట్టండి. నిల్వ తక్కువుంటే ముందు అండాలు ఫ్రీజ్ చేసే సంగతి మాట్లాడండి. గర్భం ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకు ఆపరేషన్ తర్వాత హార్మోన్లు కొనసాగించాలి, లేకపోతే సిస్ట్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోన్ మందు నొప్పిని తగ్గిస్తుంది, సిస్ట్‌నూ కొంత కుదిస్తుంది. వాడుతున్నంతకాలం మామూలుగా అండం విడుదల కాదు కాబట్టి పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకు అది మందు కాదు.