అమేలీ రాసిన దొంగ ఉత్తరం: దయా, మోసమా?

పోస్టుకార్డు:
2001 నాటి ఫ్రెంచ్ సినిమా అమేలీ మళ్ళీ చూశాను. దర్శకుడు జాన్ పియెర్ జునే, అమేలీగా ఓద్రీ తోతూ. అమేలీ ఉండే అపార్ట్‌మెంట్ చూసుకునే మాదలేన్‌ని మొగుడు వదిలేసి ఇంకొకావిడతో వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడు. ఆవిడేమో ఇప్పటికీ అతని పాత ఉత్తరాలు చదువుకుని ఏడుస్తుంది. అమేలీ వాటిని దొంగిలించి, జిరాక్స్ తీసి, మాటలు కత్తిరించి అతికించి, 'నువ్వంటే నాకింకా ప్రాణమే' అన్న అర్థం వచ్చేలా కొత్త ఉత్తరం పుట్టిస్తుంది. పాతదిలా కనబడాలని టీలో ముంచుతుంది. కూలిన విమానంలోని టపా సంచి మాంట్ బ్లాంక్ కొండ మీద దొరికిందన్న వార్తను అడ్డం పెట్టుకుంటుంది. మాదలేన్ మురిసిపోతుంటే నాకు కడుపు రగిలిపోయింది. పోయినవాడు అనని మాట అతని నోట్లో పెట్టే హక్కు ఈ పిల్లకెక్కడిది?

వెన్నెలదారి:
ఆ పిల్ల ఎలా పెరిగిందో చూడండి. తండ్రి మిలిటరీ డాక్టరు. కూతుర్ని ముట్టుకునేది వైద్య పరీక్ష చేసేటప్పుడే. నాన్న చెయ్యి తగిలిన సంబరానికి గుండె దడదడలాడితే అది గుండెజబ్బు అనుకున్నాడు. బడి లేదు, స్నేహితుల్లేరు. పారిస్‌లోని మోమార్త్ర్ పేటలో కాఫీ హోటల్లో పనికి చేరాకే లోకం చూసింది. పక్కన కూర్చుని ఓదార్చడం ఎవరు నేర్పారు దానికి? దూరం నుంచి చెయ్యగలిగింది చేసింది. అన్నట్టు, 2012లో నిజంగానే మాంట్ బ్లాంక్ మంచులో మన విదేశాంగ శాఖ టపా సంచి దొరికింది. 1966లో అణు శాస్త్రవేత్త హోమీ భాభా పోయిన ఎయిర్ ఇండియా విమానంలోది. అలాంటి ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండరా?

పోస్టుకార్డు:
ఉంటారండీ. అందుకే అబద్ధం రాయకూడదంటున్నాను. అదే సినిమాలో గాజు ఎముకల జబ్బున్న ముసలాయన దుఫాయెల్ ఇల్లు కదలలేడు, ఏటా చిత్రకారుడు రెన్వార్ వేసిన ఒకే బొమ్మకి నకలు గీస్తుంటాడు. అంతటి ఒంటరివాడే అమేలీకి ఉన్నమాట చెప్పాడు: నీ ఎముకలు గాజువి కావు, నచ్చినవాడి దగ్గరికి వెళ్ళమని.

ఏటిగట్టు:
నేనూ ఒకసారి అలాంటి పని చేశాను. మా అమ్మమ్మకి చదువు రాదు. మావయ్య దుబాయ్ నుంచి డబ్బు సంగతులు తప్ప రాసేవాడు కాదు. పదేళ్ళదాన్ని, చదివి వినిపిస్తూ 'అమ్మా, నీ మోకాళ్ళ నొప్పికి నూనె తెస్తాను' అని నా సొంతంగా కలిపాను. వీధంతా చెప్పుకుంది. మావయ్య వచ్చిన రోజు పెట్టె విప్పుతుంటే 'నూనె ఏదిరా?' అంది. 'ఏ నూనె?' అన్నాడు. అమ్మమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత ఉత్తరం వస్తే పక్కింటి మాస్టారి చేత చదివించుకునేది.

మాదలేన్ మొగుడు తిరిగొచ్చి 'ఏ ఉత్తరం?' అని అడగడు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.