‘వస్తానని అన్నాడు’: ఈ ‘అని’ని ఇంగ్లీషు పరీక్షలో ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. ఈసారి చాలా చిన్న మాట తెచ్చాను: ‘అని’. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడుతూనే ఉంటాం, ఒక్కసారీ ఆగి చూడం.

నేనుండేది ఒడిశాలోని పర్లాకిమిడి. సాయంత్రాలు మా వీధి పిల్లలు ఐదారుగురు అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు రాస్తారు, నేను దిద్దుతాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, బళ్లో ఇంగ్లీషు, ఇదీ వాళ్ల రోజు. మొన్న పదో తరగతి సీబీఎస్ఈ చదివే పిల్లకి మున్సిపాలిటీ ఆఫీసరుకి లెటర్ రాయమన్నాను, వీధి దీపాలు వెలగట్లేదని. పరీక్షలో ఆ లెటరుకి ఐదు మార్కులు, అనలిటికల్ పేరాగ్రాఫుకి ఇంకో ఐదు, పైన గ్రామర్లో రిపోర్టెడ్ స్పీచ్ ఎలాగూ ఉంది. పిల్ల బాగా రాసింది. అడ్రసు, తేదీ, సబ్జెక్టు అన్నీ ఉన్న చోటే ఉన్నాయి, చేతిరాత ముత్యాల్లా ఉంది. మధ్యలో ఈ వాక్యం: ‘పీపుల్ ఆర్ సేయింగ్ దట్ వి ఆర్ ఫాలింగ్ ఇన్ ద డ్రెయిన్.’

చదివిన ఆఫీసరుకి ఏం అర్థమవుతుంది? రాసిన పిల్లా, వాళ్ల ఇంట్లోవాళ్లూ కాలవలో పడుతున్నారని ఊరంతా చెప్పుకుంటోంది, అని. పిల్ల మనసులో ఉన్నది అది కాదు. ‘మేం కాలవలో పడిపోతున్నామని జనం అంటున్నారు’, ఇదీ తను అనుకున్న వాక్యం. పడుతున్నది జనం. తెలుగులో ఎవరికీ అనుమానం రాదు, ఆ ‘మేం’ ఎవరో ‘అని’ చూసుకుంటుంది.

ఎలాగంటే, ‘తిను’ నుంచి ‘తిని’ వచ్చినట్టు ‘అను’ నుంచి ‘అని’ వచ్చింది, అంటే ‘ఆ మాట పలికి’ అని అర్థం. ఎదుటి మనిషి మాటని ఉన్నదున్నట్టు తెచ్చి పెడతాం, చివర్న ‘అని’ తగిలిస్తాం. సంస్కృతంలో ‘ఇతి’ చేసే పని కూడా ఇదే. మనకి కొటేషన్ మార్కు అక్కర్లేదు, ‘అని’ ఉంది. దీని చుట్టాలు ఎన్నో చూడండి: అనుకోవడం అంటే తనలో తను అనుకోవడం, ‘అంటే’, ‘అట’, ‘అనే’, కథ మొదట్లో వచ్చే ‘అనగనగా’, చివరికి ‘గలగలమని’ కూడా.

ఇంగ్లీషు ‘దట్’ ఈ పని చెయ్యదు. ‘దట్’ వచ్చిందంటే అక్కడినుంచి మాట్లాడేది రాసేవాళ్లే. అందుకని ‘రాము సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తే వచ్చేది రాము కాదు, రాసిన పిల్ల. ‘హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే’ అని ఎందుకు రాయాలో రూలు బట్టీ పట్టిస్తే పరీక్ష రోజు టెన్షన్‌లో ఎగిరిపోతుంది. ఎవరి నోట్లోంచి వస్తున్న మాట అన్నది ఒక్కసారి కళ్లకి కడితే మాత్రం మర్చిపోరు, ఇది నేను చూస్తున్నాను.

దీనికి ఒక మెట్టు తెలుగులోనే ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ‘నేను రేపు వస్తానని రాము అన్నాడు’ అనొచ్చు. ‘తను రేపు వస్తానని రాము అన్నాడు’ అని కూడా అంటాం. రెండోదాంట్లో మనిషి ‘తను’ అయిపోయాడు, క్రియ మాత్రం ‘వస్తాను’ దగ్గరే నిలబడింది. అంటే సగం దారి తెలుగే తీసుకెళ్లింది! ముందు ‘నేను’ని ‘తను’ చెయ్యమంటాను, ఆ తర్వాత ఇంగ్లీషులో ‘హి’ దానంతట అదే వస్తుంది. మిగిలింది కాలం మార్చుకోవడం, ఒక్క అడుగు.

*

బరంపురం నుంచి, హైస్కూల్ టీచర్:

మాస్టారూ, ఇది చదివాక నా క్లాసులో ఒరియా పిల్లల నోటుబుక్కులు తీసి చూశాను. సరిగ్గా ఇదే తప్పు! ఒరియాలో ‘బోలి’ ఉంది కదా, ‘ముఁ ఆసిబి బోలి సే కహిలా’, అక్షరాలా ‘నేను వస్తానని అతను చెప్పాడు’. ‘బోలి’ కూడా ‘పలికి’ అన్న మాటే. ఇన్నాళ్లూ తెలుగు పిల్లలకి తెలుగు అడ్డొస్తోందనీ, ఒరియా పిల్లలకి ఒరియా అడ్డొస్తోందనీ వేరే వేరేగా అనుకున్నాను. రెండిట్లోనూ ఒకే మాట, ఒకే చోట. వీళ్లనీ వాళ్లనీ కలిపి కూర్చోబెట్టి చెప్పొచ్చన్నమాట.

*

సిరొంచ నుంచి:

మేం గడ్చిరోలి జిల్లావాళ్లం, గోదావరికి ఇవతల. మాకు మరాఠీలో ‘మ్హణూన్’ ఉంది, అదీ అనడం నుంచి వచ్చిందే. ‘పాఊస్ యేయీల్ మ్హణూన్ ఛత్రీ ఆణలీ’, వాన వస్తుందని గొడుగు తెచ్చాను. మా చెల్లెలు దీన్ని ‘ఐ బ్రాట్ అంబ్రెల్లా దట్ రెయిన్ విల్ కమ్’ అని రాసి ఎర్ర సున్నా తెచ్చుకుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు కదా అన్నా, మరి ‘అని’ ఎందుకొచ్చింది?

*

పర్లాకిమిడి:

టీచరుగారూ, ‘బోలి’ మాట మీరు ఎత్తినందుకు చాలా సంతోషం, మా అరుగు మీద రేపే చెప్తాను.

సిరొంచ తమ్ముడూ, మంచి ప్రశ్న. గొడుగు పట్టుకున్నవాడు మనసులో అనుకున్నాడు, ‘వాన వస్తుంది’ అని. పైకి అనలేదు, అంతే. తెలుగులో పైకి అన్నా, లోపల అనుకున్నా, భయపడినా, ఆశపడినా అన్నిటికీ ఒక్క ‘అని’ సరిపోతుంది. ఇంగ్లీషులో ఏ ‘అని’కి ఆ మాట వెతుక్కోవాలి. చెల్లెలితో ఇలా రాయించండి: ‘ఐ బ్రాట్ ఎన్ అంబ్రెల్లా బికాజ్ ఐ థాట్ ఇట్ వుడ్ రెయిన్.’ ఆ ‘ఐ థాట్’ తెలుగులో ‘అని’ లోపల దాక్కుని ఉంది, ఇంగ్లీషులో బయటికి తియ్యాలి. ‘పాసవ్వాలని చదువుతున్నాను’ అన్నప్పుడు అదే ‘అని’ కోరిక, అక్కడ ‘టు పాస్’ చాలు.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. ‘ఎక్కడికి వెళ్తున్నావని అమ్మ అడిగింది’, దీన్ని పిల్లలు ‘మదర్ ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్’ అని రాస్తారు. ప్రశ్న ఉన్నచోట ఇంగ్లీషుకి ‘దట్’ అక్కర్లేదు, ‘వేర్’ ఒక్కటే రెండు వాక్యాల్నీ కలుపుతుంది: ‘మదర్ ఆస్క్డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్.’ రెండోది చెయ్యమని చెప్పడం. ‘తలుపు వెయ్యి’ అనేది ‘తలుపు వెయ్యమని చెప్పింది’ అవుతుంది కదా, చూశారా, ఇక్కడ తెలుగే మాట మార్చేసింది! ‘వెయ్యమని’ అంటే ‘టు క్లోజ్’. ఇది చూపించిన రోజు మా పిల్లల్లో ఒక్కరూ తప్పు రాయలేదు.

*

రాయగడ నుంచి:

నాది వేరే మాట. ఇంగ్లీషు రాసేటప్పుడు తెలుగులో ఆలోచించకూడదు అని మాకు నేర్పారు. మీరు తెలుగునే ముందు పెడుతున్నారు. పిల్లలు తర్జుమా దగ్గరే ఉండిపోరా?

*

పర్లాకిమిడి:

మీ భయం అర్థమైందండీ. ఇది మా ఊరి పాత చర్చే. 20వ శతాబ్దం మొదట్లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర జిల్లాల బళ్లకి ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ భాషని మాట్లాడుతూ నేర్పాలి అనే పద్ధతివాడు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకుంది అని ఆయనకి వచ్చిన సందేహం దగ్గరే వ్యావహారిక భాషోద్యమం రాజుకుంది. దాన్ని భుజాన వేసుకున్న గిడుగు రామమూర్తి ఇక్కడే, పర్లాకిమిడి రాజావారి బళ్లో పాఠాలు చెప్పినవారు, ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం చేసినవారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నాకు ఆయన పని నుంచి అర్థమైంది ఏమిటంటే, పిల్లల నోట్లో ఉన్న భాషని పక్కకి తోసేస్తే అది పోదు, దొడ్డిదారిన ‘దట్ ఐ విల్ కమ్’గా తిరిగొస్తుంది. తెలుగులో ఆలోచించొద్దు అన్నంత మాత్రాన ఏ పిల్లా మానదు. తెలుగు ఏం చేస్తోందో చూపిస్తే ఎక్కడ వదలాలో వాళ్లే తెలుసుకుంటారు. ఒక్క మాట మాత్రం మీ పక్షాన ఒప్పుకుంటాను, పరీక్ష హాల్లో ఇంత ఆలోచనకి టైం ఉండదు. ఇదంతా ముందే, అరుగు మీదే అయిపోవాలి.

*

కాశీనగర్ నుంచి, ఒక అమ్మ:

మా బాబుకి పరీక్ష ఇంక నెల్లాళ్లే ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. నేనేం చేయించగలను చెప్పండి మాస్టారూ.

*

పర్లాకిమిడి:

మీకు తెలుగు వచ్చు కదమ్మా, చాలు. రాత్రి అన్నం దగ్గర అడగండి, ఈరోజు బళ్లో ఎవరేమన్నారు అని. వాడు చెప్తాడు, ‘సారు రేపు టెస్టు పెడతానన్నారు.’ దాన్ని ఒక లైన్లో రాయమనండి, సారు నోట్లోంచి వచ్చినట్టుగానే: నేను రేపు టెస్టు పెడతాను. దాని కింద ‘తను’ పెట్టి ఇంకో లైను. మూడో లైను ఇంగ్లీషు. రోజుకి మూడు మాటలు, అంతకన్నా వద్దు. మీరు చూడాల్సింది ఒక్కటే, మూడో లైన్లో ‘ఐ’ ఉందా అని. ఉంటే వేలు పెట్టి అడగండి, ‘టెస్టు పెట్టేది నువ్వా, సారా?’ వాడే దిద్దుకుంటాడు.

ఇంకోటి, ఇద్దరు మగపిల్లల గురించి రాసేటప్పుడు ‘హి’ దగ్గర ఆగమనండి. తెలుగులో ‘తను గెలిచానన్నాడు’ వేరు, ‘అతను గెలిచాడన్నాడు’ వేరు, ఆ ‘ను’, ‘డు’ చూసి ఎవరు గెలిచారో పోల్చేస్తాం. ఇంగ్లీషులో రెండూ ‘హి సెడ్ హి హాడ్ వన్’ అయిపోతాయి. అలాంటి చోట పేరు రాసెయ్యాలి, పేపరు దిద్దేవాళ్లు వెతుక్కునే పని ఉండకూడదు.

మా వీధి పిల్ల లెటర్ మళ్లీ రాసింది. ఇప్పుడా వాక్యం ఇలా ఉంది: ‘ద రెసిడెంట్స్ సే దట్ దే కీప్ ఫాలింగ్ ఇంటు ద డ్రెయిన్ ఆఫ్టర్ డార్క్.’ ‘ఆఫ్టర్ డార్క్’ నేను చెప్పలేదు, తనే పెట్టుకుంది.

కోరాపుట్ వైపు దేశియా, అంటే ఒరియాకి దగ్గరగా ఉండే అక్కడి మాట, మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే ‘అని’ చోట వాళ్లేం అంటారో ఒక వాక్యం రాసి పెట్టండి, ‘బోలి’ పక్కన పెట్టి చూడాలని ఉంది.